ఎన్‌ఐటీ ఫీజు తగ్గింపు, పీఎం విద్యాలక్ష్మి లోను: ఒక ఏడాది వాడాక మా ఇంటి అనుభవం

మా అమ్మాయికి 2025లో వరంగల్ ఎన్‌ఐటీలో, అంటే కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో, బీటెక్ సీటు వచ్చింది. మొదటి ఏడాది అయిపోయింది. ఈ ఏడాదిలో మేము రెండు సాయాలు వాడుకున్నాం. ఒకటి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఎన్‌ఐటీలో ఇచ్చే ట్యూషన్ ఫీజు తగ్గింపు. రెండోది, కేంద్ర ప్రభుత్వ పీఎం విద్యాలక్ష్మి పథకం కింద బ్యాంకు లోను. ఫోను కొంటే, హోటల్లో తింటే రివ్యూ రాసేవాళ్లు వేలమంది ఉన్నారు. పిల్లల చదువుకు దొరికే సాయం ఎలా పనిచేసిందో వాడినవాళ్లు రాసింది నేను వెతికినప్పుడు తెలుగులో దొరకలేదు. వచ్చే కౌన్సెలింగ్‌లో ఎవరైనా తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సాయాలన్నీ ఆదాయం మీదే నడుస్తాయి. నేను పరకాల వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. నా గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. మా ఆయన బండ్ల మెకానిక్, సొంత షాపు. సీజన్‌ని బట్టి నెలకు పది పన్నెండు వేలు మిగులుతాయి. ఇద్దరిదీ కలిపితే ఏడాదికి మూడు లక్షల లోపు. మేము బీసీలం. పొలం లేదు. బంగారం ఉందంటే ఉంది.

మార్కులు ముందే వేసేస్తాను. ఫీజు తగ్గింపుకు ఐదుకు ఐదు. లోనుకు మూడున్నర. సీటు వచ్చిన మొదటి వారంలో చేతిలో ఉండాల్సిన డబ్బు విషయంలో మాత్రం మాలాంటివాళ్లకు ఎక్కడా సాయం లేదు, దానికి సున్నా.

మొదట ఫీజు లెక్క. ఎన్‌ఐటీలో ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కు 62,500. ఏడాదికి లక్షా 25 వేలు, నాలుగేళ్లకు ఐదు లక్షలు. 2016కు ముందు ఇదే ఫీజు ఏడాదికి 70 వేలు ఉండేది. ఐఐటీల్లో ఇంకా ఎక్కువ పెరిగింది: 2013లో 50 వేల నుంచి 90 వేలు చేశారు, 2016లో ఆ 90 వేలను రెండు లక్షలు చేశారు. అప్పట్లో ఐఐటీ కౌన్సిల్ స్థాయీ సంఘం మూడు లక్షలు చేయమని సిఫారసు చేసిందట, ప్రభుత్వం రెండు లక్షల దగ్గర ఆపింది. కొత్త హాస్టళ్లకు, ల్యాబులకు కేంద్రం నేరుగా గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా కొంత మారింది. హెఫా అనే సంస్థను కెనరా బ్యాంకుతో కలిసి పెట్టి, దాని ద్వారా విద్యాసంస్థలకు అప్పు ఇప్పిస్తున్నారు. అప్పు తీసుకున్న పాత సాంకేతిక సంస్థలు తమ రాబడిలోంచి అసలు కట్టుకోవాలి. రాబడి అంటే అందులో పిల్లల ఫీజులూ ఉంటాయి కదా. ప్రభుత్వ కాలేజీ అంటే చవక అని మా తరం వాళ్లం అనుకుంటూనే ఉన్నాం, లోపల ఇంత మారిపోయింది.

అయితే 2016లో ఫీజు పెంచిన ఆ నిర్ణయంలోనే తగ్గింపులు కూడా పెట్టారు. ఇది చాలామందికి తెలియదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ. లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. మేము ఈ చివరి వరుసలో ఉన్నాం.

అంటే మా అమ్మాయి ఏడాది ట్యూషన్ ఫీజు లక్షా 25 వేలు కాదు, సుమారు 41,667. సెమిస్టర్‌కు 21 వేలు కూడా లేదు. నాలుగేళ్లలో ఐదు లక్షలకు బదులు లక్షా 67 వేలు. మూడు లక్షల 33 వేలు మేము కట్టనక్కర్లేదు. నా గౌరవ వేతనంతో చూస్తే అది రెండేళ్ల జీతం. ఒక్క పైసా తిరిగి ఇవ్వాల్సిన పని లేదు, వడ్డీ లేదు, ఎవరి పూచీ లేదు.

దీనికి మేము చేసింది ఏమిటంటే ఇన్‌కం సర్టిఫికెట్ పెట్టాం. అంతే. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ సంతకం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా కేంద్ర ఫార్మాట్‌లో తీయించాం, అది సీటు రిజర్వేషన్ కోసం. ఈ రెండూ వేర్వేరు. నాన్ క్రీమీలేయర్ పత్రం ఉంది కదా, ఆదాయం అందులో ఉన్నట్టే కదా అని కొందరు ఊరుకుంటారు. ఆ పత్రానికి పరిమితి ఎనిమిది లక్షలు, ఫీజు తగ్గింపుకు ఐదు లక్షలు. ఒకటి ఇంకోదానికి బదులు పనిచేయదు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది మొత్తం కాదు, పద్ధతి. ఈ తగ్గింపు బిల్లులోనే జరుగుతుంది. ముందు మొత్తం కట్టండి, తర్వాత మీ ఖాతాలో వేస్తాం అనరు. మా చేతికి వచ్చిన ఫీజు లెక్కలో తగ్గించిన అంకె ఉంటుంది, అది కడతాం, రసీదు తీసుకుంటాం, ఆ సెమిస్టర్‌కు ఆ విషయం ముగిసిపోతుంది. బడ్జెట్ విడుదలైందా, ట్రెజరీలో బిల్లు పాసైందా అని ఎదురుచూసే టెన్షన్ లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో మా సెంటర్‌లో పనిచేసే ఆయా ఇంట్లో చూశాను. ఆమె గౌరవ వేతనం 7,800. భర్త కూలి పనికి వెళ్తాడు. వాళ్ల పెద్దబ్బాయి ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటాలో చదివాడు. తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించింది. ఈ పథకం 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, దానివల్ల ఇంజినీర్లు అయిన బీద పిల్లలు మా మండలంలోనే ఎంతోమంది ఉన్నారు. ఆ గొప్పతనాన్ని నేను కాదనను. కానీ ఎంట్రన్స్‌లో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ పిల్లలకు ప్రభుత్వం ఇచ్చేది 35 వేలు. కాలేజీ ఫీజు అంతకంటే ఎంత ఎక్కువుంటే అంత ఇంట్లోవాళ్లే కట్టుకోవాలి. ఆ 35 వేలు కూడా ప్రభుత్వం నుంచి కాలేజీకి ఎప్పుడు చేరతాయో తెలియదు. అబ్బాయి చదువు అయిపోయింది, మార్కుల మెమోలు, టీసీ అడిగితే కాలేజీ వాళ్లు బకాయి కట్టి తీసుకెళ్లమన్నారు. ప్రభుత్వం ఇచ్చాక వాపస్ ఇస్తామన్నారు. వడ్డీకి తెచ్చి కట్టింది ఆమె. ఉద్యోగానికి సర్టిఫికెట్లు కావాలి మరి, ఏం చేస్తుంది?

ఇది ఒక్క ఇంటి కథ కాదు. బకాయిలు ఇవ్వమని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా పెట్టాయి, అందరికీ తెలిసిందే. కాగితం మీద రెండూ ఫీజు సాయాలే. ఒకటి ముందే తగ్గుతుంది, ఇంకోటి వెనక వస్తుంది. వెనక వచ్చే సాయానికి అది వచ్చేదాకా అయ్యే వడ్డీని బీదవాళ్లే మోస్తారు. నేను ఈ రివ్యూలో చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. ఏ సాయం గురించి ఎవరు చెప్పినా ముందు ఈ ప్రశ్న అడగండి: బిల్లులో తగ్గుతుందా, తర్వాత వస్తుందా?

ఇంకో మాట. రీయింబర్స్‌మెంట్‌కు తెలంగాణలో బీసీల ఆదాయ పరిమితి ఊళ్లలో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. నా గౌరవ వేతనం ఒక్కటే ఏడాదికి లక్షా 63 వేల 800 అవుతుంది. అంటే మా ఆయన షాపు మూసేసి ఇంట్లో కూర్చున్నా మాకు ఆ పథకం రాదు. ఆంధ్రప్రదేశ్‌లో పరిమితి రెండున్నర లక్షలు. నది అవతల ఉంటే ఒక లెక్క, ఇవతల ఉంటే ఒక లెక్క. అదే మా అమ్మాయి లోకల్ ప్రైవేటు కాలేజీలో చేరి ఉంటే పూర్తి ఫీజు మేమే కట్టాల్సి వచ్చేది. ఎన్‌ఐటీ ఫీజు ఐదు లక్షలని విని భయపడి దగ్గర్లోని కాలేజీలో వేసేవాళ్లు ఈ లెక్క వేసుకోవడం లేదు. మా బంధువుల్లోనే ఒక అబ్బాయికి వేరే రాష్ట్రంలో ఎన్‌ఐటీ సీటు వచ్చే ర్యాంకు ఉన్నా, వాళ్ల నాన్న వెబ్‌సైట్‌లో ఫీజు అంకె చూసి ఆప్షన్లే పెట్టనివ్వలేదు. తగ్గింపు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లాడు ఇప్పుడు ఏడాదికి లక్ష పైన కడుతున్న కాలేజీలో ఉన్నాడు. నాకు ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసు పాడవుతుంది.

తగ్గింపుకు ఐదుకు ఐదు వేశాను కానీ ఆ పరిమితుల గురించి నాకు ఫిర్యాదు ఉంది. లక్ష, ఐదు లక్షలు అనే అంకెలు 2016లో పెట్టినవి, అక్కడే ఉన్నాయి. లక్ష లోపు ఆదాయం ఎవరికి ఉంటుంది? 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ ఆ కూలికే పనిచేసినా, ఏడాదిలో 163 రోజులకు లక్ష దాటుతుంది. మిగతా రెండు వందల రోజులు ఖాళీగా ఉంటేనే పూర్తి మాఫీ అన్నట్టు ఉంది. పైన ఐదు లక్షల దగ్గర ఇంకో ఇబ్బంది. ఐదు లక్షలకు ఒక వెయ్యి ఎక్కువ వస్తే ఫీజు 41,667 నుంచి ఒక్కసారిగా లక్షా 25 వేలకు పెరుగుతుంది. జీతం వెయ్యి పెరిగినందుకు ఫీజు 83 వేలు పెరగడం ఏం న్యాయం? ఆరు లక్షల వాళ్లకు సగం, ఏడు లక్షల వాళ్లకు పావు వంతు మాఫీ అని మెట్లు పెడితే బాగుంటుంది. ప్రైవేటు స్కూల్లో పనిచేసే టీచర్ దంపతులు, చిన్న గుమస్తాలు, ఆర్టీసీ కండక్టర్ల ఇళ్లు ఈ గీత దగ్గరే ఉంటాయి.

హాస్టల్, మెస్ ఖర్చుకు ఈ తగ్గింపు వర్తించదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ట్యూషన్ తగ్గాక మాకు అన్నిటికంటే పెద్ద ఖర్చు మెస్సే. పుస్తకాలు, ల్యాప్‌టాప్, పండక్కి వచ్చిపోయే చార్జీలు కలుపుకుంటే ట్యూషన్ కంటే ఈ పై ఖర్చులే ఎక్కువ అవుతున్నాయి. లోను తీసుకున్నది అందుకే.

పీఎం విద్యాలక్ష్మికి 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. దేశంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో (మొదట 860) మెరిట్ సీటు వచ్చిన ఎవరికైనా తాకట్టు లేకుండా, పూచీదారు లేకుండా చదువు లోను ఇవ్వాలన్నది పథకం. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవి, 101 నుంచి 200 మధ్య ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఈ జాబితాలోకి వస్తాయి. మేనేజ్‌మెంట్ కోటా వాళ్లకు వర్తించదు. ఏడున్నర లక్షల దాకా లోనుకు 75 శాతం గ్యారంటీ కేంద్రమే బ్యాంకుకు ఇస్తుంది. దరఖాస్తు ఒకే పోర్టల్‌లో. ఆధార్, సీటు అలాట్‌మెంట్ లెటర్, ఫీజు వివరాలు, పది, ఇంటర్ మెమోలు, ఇన్‌కం సర్టిఫికెట్, పాన్ కార్డు పెట్టి బ్యాంకును, బ్రాంచిని ఎంచుకోవాలి. మా అమ్మాయి తనే ఫోన్‌లో పత్రాలు స్కాన్ చేసి కూర్చున్నచోటే పూర్తి చేసింది. దరఖాస్తు ఏ దశలో ఉందో పోర్టల్‌లోనే కనిపిస్తుంది. ఆ మేరకు నాకు చాలా సంతోషం, ఎందుకంటే ఇదివరకు బ్యాంకు వాళ్లు ఫారం తీసుకుని డెస్కు సొరుగులో పెట్టుకుంటే మన దగ్గర ఏ ఆధారమూ ఉండేది కాదు. ఇప్పుడు దరఖాస్తు నంబరు ఉంటుంది.

కష్టం బ్రాంచిలో వచ్చింది. ఏ బ్యాంకో రాయను. మొదట వెళ్లిన బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరు మా ఊరి పిన్‌కోడ్ వాళ్ల ఏరియా కాదన్నారు. ఇంకో బ్రాంచికి మార్చుకున్నాం. అక్కడ మేనేజరు గారు మర్యాదగానే మాట్లాడారు, కానీ ప్రభుత్వ ఉద్యోగి ఎవరినైనా పూచీకి తెస్తారా అన్నారు. పోనీ ఒక ఎల్‌ఐసీ బాండో, ఫిక్స్‌డ్ డిపాజిటో ఉందా అన్నారు.

“సార్, ఈ పథకంలో పూచీ అవసరం లేదని రాసి ఉంది కదా” అన్నాను.

“రాసి ఉంటుందమ్మా. రేపు లోను మొండిపడితే పైవాళ్లు నన్ను అడుగుతారు.”

పథకం మార్గదర్శకాల ప్రింటు తీయించి తీసుకెళ్లాను. తాకట్టు లేదు, పూచీదారు లేరు అన్న వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీసి టేబుల్ మీద పెట్టాను. వద్దంటే ఎందుకు వద్దో పోర్టల్‌లో రాసేయండి సార్, మేము పైకి రాసుకుంటాం అన్నాను. కోపంగా కాదు, మామూలుగానే. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు రిజిస్టర్లు రాసి రాసి నాకు ఒకటి తెలుసు, కాగితం మీద రాయమంటే ఎవరైనా ఒకసారి ఆగి ఆలోచిస్తారు. ఆయన ప్రింటు తీసుకుని లోపలికి వెళ్లి ఎవరికో ఫోన్ చేశారు. ఆ తర్వాత పూచీ మాట రాలేదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టడం మాత్రం ఉంటుంది, అది పూచీ కాదు, దానికి వాదించకండి. మా ఆయన పెట్టారు.

ఎంత లోను తీసుకోవాలన్నది ఇంట్లో బాగా మాట్లాడుకున్నాం. నాలుగేళ్లకు కలిపి నాలుగు లక్షలు అడిగాం. ఎక్కువ అడగమని చెప్పినవాళ్లున్నారు. చదువు లోన్లకు బ్యాంకులన్నీ పాటించే నమూనా పథకంలో నాలుగు లక్షల దాకా మార్జిన్ లేదు, అంటే మన వాటా డబ్బు ముందు పెట్టనక్కర్లేదు. అది దాటితే ఐదు శాతం మనం పెట్టాలి. పైగా తగ్గింపు తర్వాత మాకు అంతకంటే అవసరం లేదు. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వరు, ఏడాదికింత అని ఫీజు భాగం నేరుగా కాలేజీకి పంపిస్తారు.

ఇక వడ్డీ. దీని గురించి ఎవరూ సరిగ్గా విడమరచి చెప్పరు కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. కోర్సు నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది, అంటే ఐదేళ్లు వాయిదాలు కట్టనక్కర్లేదు. దీన్ని మారటోరియం అంటారు. కట్టనక్కర్లేదు అంటే వడ్డీ పడదని కాదు. ఏడాదికి లక్ష చొప్పున తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీ అనుకుంటే, మొదటి లక్ష మీద ఐదేళ్లు, రెండో లక్ష మీద నాలుగేళ్లు, మూడో దాని మీద మూడేళ్లు, చివరి దాని మీద రెండేళ్లు వడ్డీ నడుస్తుంది. బారువడ్డీతో చూసినా అది లక్షా 26 వేలు. వాయిదాలు మొదలయ్యేనాటికి నాలుగు లక్షల అప్పు ఐదు లక్షల 26 వేలు అయి కూర్చుంటుంది.

ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే వడ్డీ రాయితీలు రెండు ఉన్నాయి. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, వృత్తి లేదా సాంకేతిక కోర్సు చదివేవాళ్లకు మారటోరియం కాలపు వడ్డీ మొత్తం కేంద్రం భరించే పథకం ముందు నుంచే ఉంది. ఎనిమిది లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు విద్యాలక్ష్మి కింద పది లక్షల లోపు లోను మీద మూడు శాతం వడ్డీ తగ్గింపు ఇస్తారు. పై లెక్కలో ఆ మూడు శాతం 42 వేలు అవుతుంది, తక్కువేం కాదు. అయితే ఇది ఏడాదికి లక్ష మంది విద్యార్థులకే. ఆ 860 సంస్థల్లో చదివేది 22 లక్షల మంది అని ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక, వృత్తి కోర్సుల వాళ్లకు ప్రాధాన్యం ఇస్తారు. ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పో, వడ్డీ రాయితీయో పొందేవాళ్లకు ఈ మూడు శాతం రాదని నిబంధన. మధ్యలో చదువు మానేసినా ఆగిపోతుంది. ఫీజు తగ్గింపు తీసుకుంటున్నవాళ్లు సంతకాలకు ముందే తమ రాయితీ సంగతి బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి.

లోనుకు మూడున్నర మార్కులే వేయడానికి కారణం ఇదే. ఈ వడ్డీ రాయితీ కూడా వెనక వచ్చే సాయమే. అందుకని మేము రాయితీని మా లెక్కలోకే తీసుకోలేదు. వస్తే మంచిది, అసలులో జమ చేసుకుంటాం. ఈలోగా నెలనెలా వడ్డీ కట్టేస్తున్నాం. లక్ష మీద నెలకు 750 రూపాయలు. నాలుగో ఏడాదికి అది నెలకు మూడు వేలు అవుతుంది, అప్పటికి బిగుతుగానే ఉంటుంది. కానీ అమ్మాయి బయటికి వచ్చేటప్పుడు అప్పు నాలుగు లక్షలే ఉండాలి, ఐదుంబావు కాదు. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు ఒక శాతం దాకా రేటు తగ్గిస్తాయి, ఆడపిల్లలకు అర శాతం తగ్గించేవి కూడా ఉన్నాయి. అడిగితేనే చెబుతారు. శాంక్షన్ లెటర్‌లో రేటు చూసుకుని, ఆడపిల్ల తగ్గింపు కలిపారా అని అడగండి.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ కూడా చూశాం. ఇంటర్లో మంచి మార్కులు వచ్చినవాళ్లకు, నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్నవాళ్లకు కేంద్రం మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేలు ఇచ్చే స్కాలర్‌షిప్ అందులో ఉంది. ఫీజు మాఫీ పొందేవాళ్లకు అది వర్తించదు. మాకు మాఫీ విలువే ఏడాదికి 83 వేలు కాబట్టి ఆలోచించాల్సిన పని పడలేదు. ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యామండలి) గుర్తింపు ఉన్న కాలేజీల్లో చేరే ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు ఉంది, ఎనిమిది లక్షల లోపు ఆదాయం వాళ్లకు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. రాష్ట్ర యూనివర్సిటీ కాలేజీల్లో చేరే అమ్మాయిల తల్లిదండ్రులు దాన్ని వదులుకోవద్దు.

సున్నా వేసిన సంగతి చివరికి పెట్టాను, ఎందుకంటే దీనికి ఇప్పటికీ దారి లేదు. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో సీటు అలాట్ కాగానే కొద్ది రోజుల్లో ఆన్‌లైన్లో సీటు యాక్సెప్టెన్స్ ఫీజు కట్టాలి. జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ పిల్లలకు 30 వేలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 15 వేలు. తర్వాత ప్రాసెసింగ్ చార్జీ పోగా మిగతాది ఫీజులో సర్దుతారు. కానీ కట్టకపోతే సీటే పోతుంది. ఆ రోజుకు ఫీజు తగ్గింపు ఇంకా మొదలు కాదు. అలాట్‌మెంట్ లెటరే అప్పుడు చేతికి వస్తుంది కాబట్టి లోను మంజూరు అయ్యే అవకాశం లేదు. ఆ తర్వాత కాలేజీలో చేరేలోపు ఇంకొంత కట్టాలి, బక్కెట్టు, పరుపు, ల్యాప్‌టాప్ కొనాలి. మేము నడుస్తున్న చిట్టీని తక్కువకు పాడుకున్నాం. పాట మీద పోయిన డబ్బు చూస్తే ఏ బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువే. నా గాజులు కూడా కొన్నాళ్లు కుదువలో ఉన్నాయి. చిట్టీ లేనివాళ్లు, గాజులు లేనివాళ్లు ఏం చేస్తారు? ఎంత పెద్ద తగ్గింపు లోపల ఎదురుచూస్తున్నా, గుమ్మం దగ్గర 30 వేలు లేక ఆగిపోయే పిల్లలు ఉంటారు.

దీన్ని సరిచేయడం కష్టమేం కాదు. జోసాలో పేరు నమోదు చేసుకునేటప్పుడే ఇన్‌కం సర్టిఫికెట్ కూడా తీసుకుని, ఐదు లక్షల లోపు వాళ్లకు సీటు ఫీజు 15 వేలే చేయవచ్చు. లక్ష లోపు వాళ్లకు ఇంకా తగ్గించవచ్చు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు తగ్గించే ఏర్పాటు ఇప్పటికే ఉంది కదా, ఆదాయాన్ని బట్టి ఇంకో వరుస చేర్చడమే. విద్యాలక్ష్మిలో కూడా జేఈఈ ర్యాంకు చూపించి ముందస్తు మంజూరు తీసుకునే వీలుండాలి, సీటు రాగానే మొదటి విడత విడుదలయ్యేలా. ఈ రెండు మాటలూ సంబంధిత శాఖకు అమ్మాయి చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించి పంపాను.

అప్పటిదాకా, ఇంట్లో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న పిల్లలున్నవాళ్లు కౌన్సెలింగ్ మొదలవ్వకముందే ఈ పనులు చేసిపెట్టుకోండి. ఏప్రిల్ రాగానే కొత్త ఆర్థిక సంవత్సరానికి ఇన్‌కం సర్టిఫికెట్, కేంద్ర ఫార్మాట్‌లో కులం సర్టిఫికెట్ తీయించండి. జూన్‌లో మీసేవ దగ్గర రద్దీ, తహసీల్దార్ ఆఫీసులో ఫైళ్ల గుట్ట ఉంటాయి. అమ్మాయి లేదా అబ్బాయి పేరు మీద పాన్ కార్డు, సేవింగ్స్ ఖాతా ఉండాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో చూడండి. 30 వేలు జూన్ మొదటికి ఖాతాలో ఉండేలా చిట్టీ గానీ సంఘం అప్పు గానీ ముందే మాట్లాడుకోండి. రెండో ఏడాదికి కావాల్సిన ఇన్‌కం సర్టిఫికెట్ మేము ఇప్పటికే తెచ్చుకున్నాం, ఒక జిరాక్స్ అమ్మాయి ఫైల్లో, ఒకటి బ్యాంకుకు.